పంపినంత మాత్రాన చేరినట్టా?



ఈసారి మేము రాసేది నాయకరాజుల కాలం సంగతి కాదు, మన ఊళ్ల వలస చరిత్రా కాదు. కంప్యూటరు లోపల జరిగిన ఒక చరిత్ర. ఈయనకు ఇదెందుకు అని కొందరు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివితే ఎందుకో తెలుస్తుంది. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పెద్దయ్యాక సంఘం తరగతిలో. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

మా అక్కయ్య మనవడు బెంగళూరులో పని చేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ "నీ ఉద్యోగం ఏంది నాయనా?" అని అడుగుతారు, వాడు "కంప్యూటరు పని" అని ఊరుకుంటాడు. ఈసారి మేము వదల్లేదు. వాడు కాసేపు ఆలోచించి, "తాతా, కంప్యూటరు బయటికి పంపే మూటలకు లోపల స్థలం ఇవ్వడం, మూట వెళ్లిపోయిందని రూఢి అయ్యాక ఆ స్థలం ఖాళీ చేయించడం. అదే నా పని" అన్నాడు. ఆ మాట వినగానే మాకు గూడ్సు షెడ్డు వాసన తగిలినట్టయింది. మూడు రోజులు వాణ్ణి కూర్చోబెట్టి అడిగాము, తర్వాత మేమూ చదివాము.

ముందు మా కథ ఒకటి చెప్పాలి. 1987లో మేము ఒక చిన్న జంక్షనులో పార్శిల్ గుమాస్తాగా ఉన్నాము. మనవాళ్లే, మగ్గం నేసేవాళ్లు, పండగ ముందు ఒక చీరల బేలు బుక్ చేశారు. రాత్రి బండి వచ్చే వేళకు పని తొందరగా ముగించాలని, బేలు బండి ఎక్కకముందే, గార్డు సంతకం పడకముందే, పుస్తకంలో "పంపబడినది" అని రాసేశాము. షెడ్డులో దాని లెక్క కొట్టేశాము. బండి రెండు నిమిషాలే ఆగింది. బేలు ఎక్కలేదు. పుస్తకం ప్రకారం అది షెడ్డులో లేదు కాబట్టి ఎవరూ వెతకలేదు. మూలన మూడు వారాలు పడి ఉండి వానకు తడిసింది. పండగ దాటిపోయింది. ఆ నేతాయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, తడిసిన చీరలను విప్పి చూసుకుని మళ్లీ మూట కట్టుకుని పోయాడు. మా పెద్ద గుమాస్తా మాత్రం అన్నారు: "సంతకం పడేదాకా సరుకు నీదే. పుస్తకంలో గీత గీసినంత మాత్రాన బండి కదలదు."

ఇప్పుడు చరిత్రకు వద్దాము.

రైల్వేవాళ్లకు బఫర్ అంటే బోగీకి బోగీకి మధ్య దెబ్బ కాచుకునే ఇనుప గుండు. కంప్యూటరులో బఫర్ అంటే రాకకూ పోకకూ మధ్య సరుకు ఆగే చోటు. అంటే గూడ్సు షెడ్డే. పంపే సమాచారాన్ని చిన్న చిన్న మూటలుగా కడతారు, ఒక్కో మూట ఒక ప్యాకెట్. కెర్నల్ అంటే కంప్యూటరులో కనబడకుండా అన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము, మన స్టేషను మాస్టరు లాంటిది. షెడ్డు చిన్నది, సరుకు పెద్దది. ఈ చరిత్ర అంతా ఆ ఇరుకులో పుట్టిందే.

అమెరికాలో 1969లో ఆర్పానెట్ అనే వల మొదలైంది. ఊరికొక పెద్ద కంప్యూటరు, దాని పక్కన ప్యాకెట్లను అందుకుని ముందుకు తోసే ఇంకొక యంత్రం. ఆ యంత్రాన్ని ఇంప్ అనేవాళ్లు. హనీవెల్ కంపెనీ 516 యంత్రాన్ని తీసుకుని బీబీఎన్ అనే సంస్థ తయారు చేసింది. దాని జ్ఞాపకశక్తి మొత్తం సుమారు 24 కిలోబైట్లు. ఈ రోజు మన వాట్సాప్‌లో వచ్చే ఒక ఫోటో కూడా అందులో పట్టదు. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు "లాగిన్" అనే మాట పంపబోతే మొదటి రెండు అక్షరాలు చేరగానే అవతలి కంప్యూటరు పడిపోయింది. ఈ కథ చాలామందికి తెలిసిందే. మాకు నచ్చింది దాని వెనక ఉన్న ఏర్పాటు.

ఒక ఇంప్ పక్క ఇంప్‌కు ప్యాకెట్ పంపితే వెంటనే తన దగ్గర ఉన్న నకలు చెరిపేయదు. "అందింది" అని అవతలి నుంచి జవాబు వచ్చాకే ఆ చోటు ఖాళీ చేస్తుంది. జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఇది ఒక స్టేషనుకూ పక్క స్టేషనుకూ మధ్య ఉన్న లెక్క. దీనిపైన ఇంకొక లెక్క ఉంది. సందేశం మొత్తం చివరి గమ్యానికి చేరాక, మొదట పంపిన కంప్యూటరుకు "తర్వాతి సందేశానికి సిద్ధం" అని ఒక చీటీ తిరిగి వచ్చేది. దక్షిణాదిన ఒంటి లైను మీద పని చేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నీల్స్ బాల్ టోకెన్ యంత్రం గుర్తుందా? ఈ స్టేషనులో ఒక ఇనుప గుండు బయటికి తీస్తే, అది అవతలి స్టేషను యంత్రంలో పడేదాకా రెండో గుండు ఎక్కడా బయటికి రాదు. ఒకే లైను మీద రెండు బళ్లు ఎదురుపడకుండా కాపాడింది ఆ గుండే.

అయినా చిక్కు వచ్చింది. పెద్ద సందేశాన్ని ఎనిమిది ప్యాకెట్ల దాకా విడదీసి పంపేవాళ్లు. గమ్యంలో అన్నీ చేరాక కలిపి కంప్యూటరుకు ఇవ్వాలి. చాలా సందేశాలు ఒకేసారి సగం సగం వచ్చి షెడ్డు నిండిపోతే? ఏ సందేశమూ పూర్తి కాదు కాబట్టి ఏదీ బయటికి పోదు. మిగతా ప్యాకెట్లు పక్క స్టేషన్లలో నిలబడి ఉంటాయి, లోపలికి రావడానికి చోటు లేదు. అందరూ అందరి కోసం ఎదురు చూస్తూ వల ఆ చోట బిగుసుకుపోతుంది. ఇలా జరుగుతుందని బాబ్ కాన్ అనే ఇంజనీరు ముందే హెచ్చరించారు, పరీక్షించి చూపించారు. దానికి మందు ఏమిటంటే, పెద్ద సందేశం పంపే ముందే గమ్యంలో చోటు అడిగి ఖాయం చేసుకోవడం. రైల్వే భాషలో ముందు లైన్ క్లియర్, తర్వాతే బండి.

అదే బాబ్ కాన్, వింట్ సెర్ఫ్ కలిసి 1974లో కొత్త పద్ధతి రాశారు. దారిలో ఉన్న యంత్రాలు చేర్చడానికి ప్రయత్నిస్తాయి, కానీ పూచీ మాత్రం రెండు చివర్ల కంప్యూటర్లదే. పంపినవాడు చేరినట్టు జవాబు వచ్చేదాకా నకలు దాచుకోవాలి. ఫ్రాన్సులో లూయీ పూజాఁ నడిపిన సిక్లాడ్ వల కూడా ఈ దారే తొక్కింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం ఈ కొత్త పద్ధతికి, అంటే టీసీపీకి మారింది. పూచీ చివరి కంప్యూటర్ల మీద పడింది కాబట్టి, ఆ కంప్యూటర్ల కెర్నల్‌లో షెడ్డు కట్టవలసి వచ్చింది.

అదే 1983లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం 4.2 బీఎస్‌డీ అనే వ్యవస్థను విడుదల చేసింది. అందులో ఎమ్‌బఫ్ అనే చిన్న పెట్టెలు ఉన్నాయి. ఒక్కోటి 128 బైట్లు, అందులో సరుకుకు 112. మిగతాది చీటీ: తర్వాతి పెట్టె ఎక్కడ, సరుకు ఎక్కడ మొదలవుతుంది, ఎంత ఉంది. పెద్ద సరుకైతే పెట్టెలను గొలుసుగా కలిపేవాళ్లు, వ్యాగన్లను కప్లింగు చేసినట్టు. ఇంకా పెద్దదైతే పెద్ద పెట్టె, దానిని ఎంతమంది వాడుకుంటున్నారో ఒక లెక్క. చివరివాడు వదిలాకే పెట్టె ఖాళీ.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. షెడ్డు చాలకపోతే పెద్దది కట్టేస్తే పోదా? 1985లో జాన్ నేగుల్ అనే ఇంజనీరు ఈ ప్రశ్ననే తీసుకుని చిన్న వ్యాసం రాశారు. అంతులేని షెడ్డు ఉన్నా లాభం లేదని చూపించారు. ప్రతి ప్యాకెట్‌కూ ఆయుష్షు ఉంటుంది. వరుస అంతులేకుండా పెరిగితే, తన వంతు వచ్చేసరికి ప్యాకెట్ ఆయుష్షు తీరిపోయి ఉంటుంది. చోటు లేక పారేయడం తప్పుతుంది కానీ కాలం తీరిపోయి అన్నిటినీ పారేయవలసి వస్తుంది. పూలబుట్టలకు షెడ్డులో చోటుంటే చాలదు, పొద్దున మార్కెట్టుకు చేరాలి కదా.

ఆ మరుసటి ఏడాది అది కళ్లముందే జరిగింది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య, నాలుగు వందల గజాల దూరమే, సెకనుకు 32,000 బిట్లు పోవలసిన చోట 40 బిట్లు పోయాయి. జవాబు ఆలస్యమైతే అందరూ మళ్లీ పంపడం, ఆ నకళ్లతో దారి ఇంకా నిండడం. వ్యాన్ జేకబ్‌సన్ దీనిని పరిశీలించి 1988లో మందు ప్రకటించారు. దాని మూలసూత్రం ఒక్కటే: పాత ప్యాకెట్ ఒకటి వల నుంచి బయటికి వెళ్లిందని తెలిశాకే కొత్తది లోపలికి వదలాలి. మళ్లీ మన ఇనుప గుండు దగ్గరికే వచ్చాము.

ఇప్పుడు లినక్స్. ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టారు, మొదటి పూర్తి కూర్పు 1994 మార్చిలో వచ్చింది. దాని వల భాగాన్ని మొదటి ఏళ్లలో నిలబెట్టినవాళ్లలో ఆలన్ కాక్స్ ఒకరు. అందులో ప్యాకెట్ పెట్టె పేరు ఎస్‌కే-బఫ్. ఈ రోజు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది కూడా లినక్స్ కెర్నలే కాబట్టి, మీరు సంఘం గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టినా అది ఇలాంటి పెట్టెలోనే ఎక్కుతుంది.

మనవడు చెప్పిన ప్రయాణం ఇది. పంపు అని నొక్కగానే కెర్నల్ మన సరుకును పెట్టెలోకి నకలు తీస్తుంది. పెట్టెలో ముందువైపు కొంత చోటు ముందే వదిలి ఉంచుతుంది. టీసీపీ తన చీటీని, దాని పైన చిరునామా చీటీని ఆ ఖాళీలో అంటిస్తారు, సరుకును కదిలించే పని లేదు. ఎంత చోటు వాడుకున్నామో మన ఖాతాలో రాసుకుంటుంది. ఖాతా నిండితే ఇక ఆగమంటుంది. తర్వాత టీసీపీ అసలు పెట్టెను తన దగ్గరే ఉంచుకుని, అదే సరుకును చూపించే జంట చీటీ ఒకటి తయారు చేసి కిందికి పంపుతుంది. కింద నెట్‌వర్క్ కార్డు ముందర ఒక గుండ్రని పట్టిక ఉంటుంది, దాన్ని రింగ్ అంటారు. అందులోని ఒక్కో గడిలో సరుకు ఏ చిరునామాలో ఉందో, ఎంత ఉందో రాసి గంట కొడతారు. కార్డు తానే వచ్చి జ్ఞాపకం నుంచి సరుకు తీసుకుని తీగ మీదికి ఎక్కిస్తుంది. ఎక్కించాక ఆ గడిలో "అయింది" అని గుర్తు పెట్టి కెర్నల్‌ను పిలుస్తుంది. దీనినే కంప్లీషన్ అంటారు. అప్పుడు కెర్నల్ గడిని ఖాళీ చేసి, జంట చీటీని చించేస్తుంది. మన ఖాతా తగ్గేది, చోటు లేక నిద్రపోతున్న ప్రోగ్రాము లేచేది మాత్రం అసలు పెట్టె ఖాళీ అయ్యాకే.

ఇక్కడే మేము మనవణ్ణి ఆపి అడిగాము: "కార్డు అయిందంటే అవతలివాడికి చేరినట్టా?" వాడు నవ్వాడు. "కాదు తాతా. మన యార్డు దాటిందని మాత్రమే. చేరిందని చెప్పేది అవతలి టీసీపీ. ఆ జవాబు వచ్చాకే అసలు పెట్టె పోతుంది."

రెండు రకాల ముగింపు. ఒకటి గార్డు సంతకం, రెండోది గమ్యంలో రసీదు తీసుకుని సరుకు అప్పజెప్పడం. రైల్వేలో రెండింటికీ వేరు వేరు పుస్తకాలు. కెర్నల్‌లోనూ వేరు వేరు లెక్కలే.

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? తొందరపడి చోటు ఖాళీ చేస్తే, కార్డు వచ్చి చూసేసరికి అక్కడ ఇంకొకరి సరుకు ఉంటుంది. ఒకరి పేరు మీద మరొకరి రహస్యం బయటికి పోతుంది. ఖాళీ చేయడం మరచిపోతే షెడ్డు మెల్లమెల్లగా నిండి యంత్రం స్తంభిస్తుంది. కార్డు "అయింది" అని చెప్పకుండా ఊరుకుంటే రింగ్ నిండి వరుస ఆగిపోతుంది. దీని కోసం లినక్స్‌లో ఒక కాపలాదారు ఉన్నాడు. మామూలుగా 5 సెకన్లు చూసి కేకలు పెట్టి కార్డును మళ్లీ మొదటి నుంచి నడపమంటాడు.

కార్డులు వేగం అందుకున్నాక ఇంకొక తలనొప్పి. సెకనుకు 10 గిగాబిట్ల కార్డులో మామూలు పెద్ద ప్యాకెట్లే సెకనుకు 8 లక్షలకు పైగా పోతాయి. ప్రతిదానికీ కెర్నల్‌ను పిలిస్తే, పిలుపులు వినడంతోనే కాలం సరిపోతుంది, పని జరగదు. 2001 ప్రాంతంలో జమాల్ హాదీ సలీమ్, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ నాపీ అనే పద్ధతి తెచ్చారు. ఒకసారి పిలిస్తే చాలు, తర్వాత కెర్నలే వెళ్లి అయినవాటినన్నిటినీ కట్టగా చూసుకుని వస్తుంది. మేము కూడా ప్రతి వేబిల్లుకూ లేచి వెళ్లలేదు, బండి పోయాక కట్ట ముందేసుకుని టిక్కు పెట్టుకున్నాము.

జ్ఞాపకం చవక అయ్యాక నేగుల్ చెప్పిన సంగతి లోకం మరచింది. ఎక్కడ చూసినా పెద్ద పెద్ద బఫర్లు పెట్టేశారు. 2010లో జిమ్ గెటిస్ తన ఇంట్లో పెద్ద ఫైలు పంపుతుంటే మిగతా అంతా నత్తనడక నడవడం గమనించి, ఈ జబ్బు గురించి అందరినీ హెచ్చరించారు. బఫర్ల ఉబ్బు అని దాని పేరు. మన ఇళ్లలో ఒకరు ఫోటోలన్నీ ఎక్కిస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ గడ్డకట్టడానికి ఒక కారణం ఇదే. మందు కంప్లీషన్ లెక్కలోనే దొరికింది. 2012 మార్చిలో వచ్చిన లినక్స్ 3.3లో టామ్ హెర్బర్ట్ రాసిన పద్ధతి చేరింది. రింగ్‌లో ఎన్ని బైట్లు వేశాము, ఎన్ని అయ్యాయి అని రెండు లెక్కలు వేసి, కార్డు చేతులు ఖాళీగా ఉండకుండా సరిపడేంతే ముందుకు తోస్తుంది. మిగతాది వెనకే ఉంటుంది, అక్కడ ఎవరి వంతు ముందో తేల్చవచ్చు. ఆ ఏడాదే క్యాథలీన్ నికల్స్, వ్యాన్ జేకబ్‌సన్ కలిసి ప్యాకెట్ వరుసలో ఎంతసేపు నిలబడిందో చూసి పారేసే ఉపాయం ప్రకటించారు. ఎరిక్ ద్యూమజే దానిని లినక్స్‌లోకి తెచ్చారు. షెడ్డులో ఎంత సరుకుంది అన్నది కాదు, ఎంతసేపటి నుంచి ఉంది అన్నదే చూడాలి. డెమరేజీ లెక్క కూడా గంటలమీదే కదా.

చివరగా, నకలు కూడా తీయకుండా ప్రోగ్రాము చేతిలోని సరుకునే నేరుగా పంపే ఏర్పాటు 2017 నవంబరులో లినక్స్ 4.14లో వచ్చింది. నకలు శ్రమ తప్పింది కానీ కొత్త నియమం పుట్టింది. "ఇక దానిని నీవు ముట్టవచ్చు" అని కెర్నల్ వేరే కబురు పంపేదాకా ప్రోగ్రాము తన సొంత సరుకును మార్చకూడదు. 2022లో వచ్చిన 6.0లో ఐఓ-యూరింగ్ అనే దారిలో ఇలా పంపితే రెండు జవాబులు వస్తాయి: నీ పని తీసుకున్నాము అని ఒకటి, నీ చోటు నీకు వదిలేశాము అని ఒకటి. మొదటిది చూసి రెండోది వచ్చిందనుకునేవాడు చెడిపోతాడు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాశామో చెబుతాము.

పోయిన ఏడాది మన సంఘంలో ఒక అమ్మాయి కాలేజీ ఫీజు సాయం కోసం కాగితాలు ఇచ్చింది. తండ్రి లేడు, తల్లి మిల్లు పనికి పోతుంది. ఆ కాగితాలు స్కాన్ చేసి సాయమిచ్చేవారికి మెయిలు పంపింది మేమే. తెర మీద "పంపబడినది" అని కనిపించింది. ఫోనులో చోటు లేదని ఆ సాయంత్రమే స్కాన్లు చెరిపేశాము. మెయిలు వాళ్లకు చేరలేదు. అడగాలని మాకు తోచలేదు. తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ తల్లి మళ్లీ ఒక రోజు కూలి పోగొట్టుకుని తాలూకా ఆఫీసుకు వెళ్లి ఆదాయ ధ్రువపత్రం తెచ్చింది. అప్పటికి ఆ ఏడాది సాయం మరొకరికి పోయింది. ఆమె కూడా మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

1987లో చేసిన తప్పునే అరవై దాటాక మళ్లీ చేశాము. అందుకే మనవడి మాట అంతగా తగిలింది. ఇంజనీర్లు కూడా ఈ ఒక్క పాఠాన్ని యాభై ఏళ్లలో మళ్లీ మళ్లీ నేర్చుకున్నారని చదివాక సిగ్గు కొంచెం తగ్గింది. తప్పు మాత్రం తగ్గదు.

కాబట్టి కమిటీకి మా మనవి. సంఘం దస్తావేజుల పుస్తకంలో ఇప్పుడు "పంపిన తేదీ" అనే గడి ఒక్కటే ఉంది. దాని పక్కన "చేరినట్టు జవాబు వచ్చిన తేదీ" అని ఇంకొక గడి గీయిద్దాము. రెండో గడి నిండేదాకా ఎవరి కాగితమూ చెరపకూడదు. 5 రోజుల్లో జవాబు రాకపోతే ఫోను చేయడం ఒకరి బాధ్యత, వారి పేరు ముందే రాసి ఉండాలి. రెండో గడి నిండాక మాత్రం స్కాన్లు తప్పకుండా చెరిపేయాలి. మన పిల్లల ఆధార్ నకళ్లు, ఆదాయ పత్రాలు అందరి ఫోన్లలో ఏళ్ల తరబడి పడి ఉండడం కూడా తప్పే. తొందరగా ఖాళీ చేయడం ఒక తప్పు, ఎప్పటికీ ఖాళీ చేయకపోవడం ఇంకొక తప్పు.

ఆ అమ్మాయి కాగితాలు ఈ ఏడాది మళ్లీ పంపాము. మొదటి గడిలో తేదీ వేశాము. రెండో గడి ఇంకా ఖాళీగా ఉంది. స్కాన్లు మా దగ్గరే భద్రంగా ఉన్నాయి. రేపు పొద్దున పదిన్నరకు ఆఫీసు తెరవగానే ఫోను చేస్తాము.